214,74,83,647

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడికి యాభై ఏళ్లు నిండాయి. సెకన్లలో చెబితే దాదాపు 158 కోట్లు. ఇంకో పద్దెనిమిదేళ్లకు ఈ వయసు ఒక పెద్ద సంఖ్యను దాటుతుంది: 214,74,83,647. ఇంజనీరుగా నాకు తరచూ పని పడే సంఖ్య ఇది.

ముందు మన లెక్కల క్లాసులో లాగే చూద్దాం. చివర 7 ఉంది; 2తో గానీ 5తో గానీ పోదు. అంకెల మొత్తం 46, కాబట్టి 3తోనూ పోదు. 11 సూత్రం పెట్టినా పోదు. ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ పోదు. అంటే ప్రధాన సంఖ్య.

అందులోనూ దీనిది ప్రత్యేక తరగతి. 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. ఈ రకం ప్రధాన సంఖ్యలకు ఫ్రాన్సు దేశపు సన్యాసి మెర్సెన్ పేరు పెట్టారు. 3, 7, 31, 127 వీటిలో చిన్నవి; ఇది ఎనిమిదోది. ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలదు సుమా! 11 ఘాతానికి వచ్చే 2047ను 23, 89 భాగిస్తాయి.

ఇది ప్రధాన సంఖ్యేనని 1772 నాటికి ఆయిలర్ తేల్చాడు. దీని వర్గమూలం 46,340 దాకా దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలున్నాయి. ఆయన అన్నిటితోనూ భాగిస్తూ కూర్చోలేదు. దీనికి కారణాంకమంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ శేషం రావాలని ముందు తేల్చుకున్నాడు. ఆ జల్లెడలో మిగిలేవి సుమారు ఎనభై. అప్పటికే ఆయన చూపు దాదాపు పోయింది. ఆ తర్వాత చాలా దశాబ్దాల వరకు ఇంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

ఇక నా వృత్తిలోకి వస్తాను. 32 బిట్లలో ఒకటి ధన రుణ గుర్తుకు పోగా, మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి తేదీ చెబుతాయి. పాత పద్ధతిలో ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసటి సెకనుకు రుణసంఖ్యగా మారి, తేదీ 1901 డిసెంబరుకు వెళుతుంది. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి. నా భయమల్లా ఒకసారి బిగించాక ఇరవై ఏళ్లు ఎవరూ మూత తెరవని చిన్న కంట్రోలర్ల గురించే.

అందుకే రెండు మనవులు. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఉన్న మిత్రులారా, మీ యంత్రాల జాబితా రాయించండి. స్పేరుగా ఉన్న పరికరంలో 2038 ఫిబ్రవరి తేదీ పెట్టి పరీక్షించండి. కొత్తవి కొనేటప్పుడు ఈ షరతు కాగితం మీద రాయించుకోండి.

మాస్టారూ, టీచరుగారూ, ఈ సంఖ్యను ఎనిమిదో తరగతి బోర్డు మీద వేసి, దేనితో పోతుందో చూడమనండి. 2038లో ఆ యంత్రాల ముందు నిలబడేది ఆ పిల్లలే. లెక్క అక్కడ ఎందుకు ఆగిందో వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

సెలవు.