ఐదవ గ్రేడు దాటిన పియానో విద్యార్థి ఏమి వాయించాలి?

(శతాబ్ది ఉత్సవాల సంగీత సభలో చేసిన ప్రసంగ పాఠం)



పియానో సంగీతాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు పియానో నేర్పే మమ్మల్ని కోరారు. అది సముద్రం వంటిది. ఈ కొద్దిసేపట్లో ఒడ్డున నిలబడి చూపగలిగింది కొంచెమే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదటి పుస్తకం, రెండవ పుస్తకం అంటూ వరుస పుస్తకాలు వున్నాయి. బాగా ఆరితేరినవారికి మా మాటలతో పని లేదు. ఈ ఇద్దరికీ నడుమ ఒకరున్నారు. నాలుగైదేండ్లు నేర్చుకున్నారు. రెండు చేతులూ నడుస్తున్నాయి. నొటేషన్ చదవగలరు. ఆదివారం ఆరాధనలో నాలుగు పాటలకు తోడు వాయించగలరు. ఆ తరువాత ఏమి వాయించాలో వారికి చెప్పేవారు లేరు. నేటి మా ప్రసంగం వారి కొరకే.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. మన పిల్లలు రాసే ట్రినిటీ కాలేజీవారి పరీక్షలలో గానీ, రాయల్ స్కూల్స్‌వారి పరీక్షలలో గానీ ఒక్కొక్క గ్రేడుకు సాధారణంగా మూడు రచనలు వాయించాలి. ఏడాదికొక గ్రేడు చొప్పున ఐదేండ్లు చదివితే మొత్తం పదిహేను రచనలు. అందులో మొదటి మూడు గ్రేడులవి ఎప్పుడో మరచిపోయి వుంటారు. ఐదేండ్ల ఫీజు, ఐదేండ్ల సాధన అయిన తరువాత ఇంటికి చుట్టాలు వచ్చి “ఏదీ, ఒకటి వాయించమ్మా” అంటే చేతిలో వున్నవి ఐదారు మాత్రమే. పదవ తరగతి, ఆ పైన ఇంటర్ రాగానే ఆ ఐదారూ పోతాయి. పియానో మూతపడుతుంది. మూత మీద పూలకుండీ వెలుస్తుంది. ఇటువంటి పియానోలు మనలో ఎన్ని ఇండ్లలో వున్నాయో మీకే తెలుసు. తల్లిదండ్రులకు ఒక మనవి. “మా అమ్మాయి ఏ గ్రేడులో వుంది” అని అడగడం తప్పు కాదు గానీ, “ఈ నెలలో కొత్తగా ఏమి వాయిస్తోంది” అని అడిగితే మాకు ఎక్కువ సంతోషం.

కొత్త రచనను మన పిల్లలు ఎలా ఎన్నుకుంటున్నారు? ఎక్కువమంది పేరు చూసి ఎన్నుకుంటారు. బీథోవెన్ 1810లో రాసిన ‘ఫ్యూర్ ఎలీజ్’ వాయించనివారు లేరు. అది మంచి రచనే. కాని దానిలో మొదటి పుట మాత్రమే వాయించి ఆపేవారే అధికం. ఇంకొందరు కష్టాన్ని చూసి ఎన్నుకుంటారు. ‘మూన్‌లైట్ సొనాటా’ మొదటి భాగం వచ్చింది కదా అని మూడవ భాగానికి దూకుతారు. లేదా షోపాన్ ‘ఫాంటసీ అంప్రోంప్టూ’ తెచ్చుకుంటారు. అందులో కుడిచేయి నాలుగు స్వరాలు వాయించే వ్యవధిలో ఎడమచేయి మూడు వాయించాలి. ఏడాదంతా దానితోనే సరిపోతుంది. ఏడాది చివర అది రాదు, వేరొకటీ రాదు. ధైర్యం మాత్రం పోతుంది.

మేము చెప్పదలచింది ఇదే. తరువాతి రచన మరింత కష్టమైనది కానక్కరలేదు. మీ చేయి ఇంతవరకు చేయని పనిని చేయించేది కావాలి. కనుక పుస్తకం తెరవక ముందు మన చేయి ఏ పనికి దూరంగా వున్నదో చూసుకోవాలి.

మన సంఘాలలో పెరిగినవారికి ఆ లోటు ఎక్కడ వుంటుందో మాకు బాగా తెలుసు. మన చేతికి మొదటి గురువు హార్మోనియం. కుడిచేయి రాగం వాయిస్తుంది, ఎడమచేయి తిత్తి ఊదుతుంది. పియానో దగ్గరకు వచ్చాక ఆ ఎడమచేతికి మూడు నాలుగు స్వరసమ్మేళనాలు నేర్పి కూర్చోబెట్టాం. అది బారుకొకసారి మోగించి ఊరుకుంటుంది. ఎడమచేయి ఒక పాట పాడగలదన్న సంగతే దానికి తెలియదు. కీబోర్డులు వచ్చిన తరువాత మరొకటి చేరింది. పాట ఏ శ్రుతిలో వున్నా తెల్లమెట్ల మీదనే వాయించి, ట్రాన్స్‌పోజ్ మీట నొక్కడం. ఆరాధన నడిచిపోతుంది, కాదనము. కాని నల్లమెట్లు చేతికి పరాయివిగానే మిగిలిపోతాయి.

ఎడమచేతికి మొదటి వైద్యుడు బాఖ్. ఆయన ‘ఇన్వెన్షన్లు’ పదిహేను. 1723లో శుద్ధప్రతి రాసి, దీని ఉద్దేశమేమిటో మొదటి పుటలో తానే చెప్పుకున్నాడు. రెండు గాత్రాలను తేటగా వాయించడం, అన్నింటికంటె ముఖ్యంగా పాడినట్టు వాయించడం నేర్పడానికని. ఇందులో స్వరసమ్మేళనాలు మోగించి ఊరుకునే చేయి లేదు. రెండు చేతులూ ఇద్దరు గాయకులే. మొదటి ఇన్వెన్షన్‌లో కుడిచేయి ఏడు స్వరాల చిన్న మాట అంటుంది, వెంటనే ఎడమచేయి అదే మాటను కింద స్థాయిలో అంటుంది. ఎనిమిదవదానిలో ఒక బారు వెనుకగా ఎడమచేయి కుడిచేతిని వెంబడిస్తుంది. పదిహేనూ వరుసగా వాయించనక్కరలేదు. మొదటిది, తరువాత నాలుగవది, ఎనిమిదవది, పదమూడవది, ఈ నాలుగు చాలు. ఒక గాత్రాన్ని చేతితో వాయిస్తూ రెండవదానిని నోటితో పాడండి. గాయక బృందంలో ఆల్టో, టెనర్ పాడే పిల్లలకు ఇది చటుక్కున వస్తుంది. ఒంటరిగా పియానో నేర్చినవారే తడబడుతారు. ఇంకొక సంగతి. బాఖ్ వీటికి వేగం ఎంతో రాయలేదు. పాత ముద్రణలలో కనబడే వేగసూచనలు తరువాతివారు చేర్చినవి. వాటికి భయపడి పరుగెత్తవద్దు. ఇంట్లో వున్నది ఐదు స్థాయిల చిన్న కీబోర్డే అయినా ఈ రచనలు అందులో సరిపోతాయి.

(బాఖ్‌ది అని మనమంతా వాయించే జి మేజర్ మినుయెట్ నిజానికి క్రిస్టియన్ పెట్సోల్డ్ అనే ఆయనది. బాఖ్ భార్య ఆన్నా మాగ్దలేనా పేర వున్న 1725 నాటి పుస్తకంలో చోటు చేసుకోవడం వలన ఆ పొరపాటు వచ్చింది. రచన అందం మాత్రం తగ్గలేదు.)

ఎడమచేయి పాడుతుంది, కుడిచేయి తోడు నిలుస్తుంది, అటువంటి రచన కావాలంటే షోపాన్ 28వ ఓపస్‌లోని ఆరవ ప్రెల్యూడు, బి మైనర్‌లో వున్నది, తీసుకోండి. ఇరవైనాలుగు ప్రెల్యూడుల ఆ పుస్తకం 1839లో అచ్చయింది. ఆరవది రెండు పుటలకు మించదు. రాగమంతా ఎడమచేతిదే, చెల్లో మోగినట్టుంటుంది. కుడిచేయి మెత్తగా అవే స్వరసమ్మేళనాలను తడుతూ వుండాలి. మనకు అలవాటైన పద్ధతి తలక్రిందులైనదన్నమాట. మొదటి వారం కుడిచేయి వద్దన్నా పైకి లేచి ఎడమచేతిని మింగివేస్తుంది. దాని పక్కన నాలుగవ ప్రెల్యూడు పెట్టుకోండి. అందులో కుడిచేయి దాదాపు కదలదు. ఎడమచేతి స్వరసమ్మేళనాలు మాత్రం ఒక్కొక్క మెట్టే జారుతూ దిగుతుంటాయి. ఏ వేలు ఎప్పుడు జారుతున్నదో చూసుకుంటే ఆదివారం మనం బారుకొకసారి మోగించే స్వరసమ్మేళనాలే వేరుగా వినబడతాయి. 1849లో పారిస్‌లోని మాడ్లెన్ దేవాలయంలో షోపాన్ భూస్థాపన ఆరాధన జరిగినప్పుడు ఈ రెండు ప్రెల్యూడులనే ఆర్గన్ మీద వాయించారు.

ఇక షూమన్. 1848లో తన కుమార్తెల కోసం ఆయన రాసిన ‘ఆల్బమ్ ఫర్ ది యంగ్’లో నలభైమూడు రచనలు వున్నాయి. పిల్లల పుస్తకం కదా అని పెద్దవారు దానిని తెరవరు. అది నష్టం. అందులో నాలుగవది ఒక కోరేలు. మన కీర్తనల పుస్తకంలోని పాశ్చాత్య రాగాలవలె నాలుగు గాత్రాలతో సాదాగా వుంటుంది. రెండవ గ్రేడు పిల్లవాడు వాయించగలడు. తరువాత నలభైరెండవది చూడండి. అదే కోరేలు, అదే రాగం. కాని ఇప్పుడు లోపలి గాత్రాలు నిలబడక నడుస్తున్నాయి, ఒకదాని సందులో ఒకటి దూరుతున్నాయి. ఒకే పాటను సాదాగా ఎలా నిలబెట్టాలో, దానికి నడక ఎలా ఇవ్వాలో రెండూ ఒకే పుస్తకంలో చూపాడు. ఆదివారం మనం పాటకు తోడు వాయించేటప్పుడు కావలసిన విద్య ఇదే. దీనికోసం వేరే పాఠ్యపుస్తకం కొననక్కరలేదు. చైకోవ్‌స్కీ కూడ షూమన్ బాటలోనే 1878లో ఇరవైనాలుగు రచనల ఆల్బమ్ రాశాడు. అందులో ఉదయ ప్రార్థన ఒకటి, దేవాలయంలో అనే పేరుతో ఒకటి వున్నాయి. ఆ రెండూ నిదానపు రచనలే, ఆరాధనకు ముందు వాయించడానికి తగినవి.

నల్లమెట్ల భయం పోవడానికి మెండల్‌సన్ ‘సాంగ్స్ వితవుట్ వర్డ్స్’ మంచి మందు. మొత్తం నలభైఎనిమిది. 30వ ఓపస్‌లోని మూడవది ఇ మేజర్‌లో, నాలుగు షార్పులతో వుంటుంది. ‘కాన్సొలేషన్’ అని దానిని పిలుస్తారు. ఆ పేరు ఆయన పెట్టినది కాదు. ఆ రాగం తరువాత ఇంగ్లీషు కీర్తన పుస్తకాలలోకి ఎక్కింది, కనుక మీలో కొందరు పెద్దలకు చెవికి తెలిసే వుంటుంది. దానిని సి మేజర్‌లోకి దింపి వాయించవద్దు. ఆ నాలుగు షార్పుల మీదనే వేళ్ళు ఆనించి వాయించండి. పొడుగు వేళ్ళకు నల్లమెట్లు ఎంత అనుకూలమో అప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవారందరూ పాతవారు. తెలుగు చెవికి బాగా దగ్గరైన పియానో రచయిత ఎవరంటే మేము హంగరీ దేశస్థుడైన బేలా బార్టోక్ పేరు చెబుతాం. వినగానే కొందరు ముఖం చిట్లిస్తారు, కఠోరంగా వుంటుందని. కొన్ని వుంటాయి. కాని ఆయన పల్లెపల్లె తిరిగి రైతుల పాటలు సేకరించినవాడు. ‘ఫర్ చిల్డ్రన్’ అన్న పుస్తకమంతా హంగరీ, స్లోవాక్ పల్లెపాటలే. 1926 నుండి 1939 వరకు రాసిన ‘మైక్రోకాస్మోస్’లో ఆరు భాగాలు, నూటయాభైమూడు రచనలు వున్నాయి. మొదటి రెండు భాగాలు తన చిన్న కొడుకుకు అంకితమిచ్చాడు. నాలుగవ భాగంలో నూటపదమూడవ రచన బల్గేరియా లయలో వుంటుంది. ఏడు అక్షరాల తాళం. మూడు, నాలుగుగా మనం చరిచే మిశ్రచాపును ఆయన నాలుగు ముందు, మూడు వెనుక పెట్టాడు. మన సంగీత విద్వాంసులు విలోమచాపు అనేది అదే. నూటపదిహేనవది ఐదక్షరాలది, ఖండచాపు కొలత. పాశ్చాత్య దేశపు విద్యార్థులు వీటిని లెక్కపెట్టలేక అవస్థపడతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట పైన రాగం, తాళం పేర్లు చూసి చప్పట్లు కొడుతూ పెరిగిన మన పిల్లలకు ఇది ఉగ్గుపాల విద్య. కొట్టి చూడండి, లెక్కపెట్టవద్దు. మన చేతిలో వున్న బలాన్ని పియానో మీద వాడుకునే చోటు ఇది. దీనిని వదలుకుని ‘ఫ్యూర్ ఎలీజ్’ మొదటి పుటనే పదేండ్లు వాయించడం మాకు అర్థం కాదు.

తక్కినవాటిని త్వరగా చెప్పేస్తాం. వేళ్ళ చురుకుదనానికి స్కార్లాటి. ఐదువందల యాభైఐదు సొనాటాలున్నాయి, చాలావరకు చిన్నవే. కె 32, కె 34 అనే నంబర్లతో ఆరంభించండి. బర్గ్‌ముల్లర్ 100వ ఓపస్ స్టడీలు ఇరవైఐదు, చెర్నీ విసుగు తెప్పించినవారికి అవి ఊరట. బీథోవెన్ కావాలంటే 49వ ఓపస్ రెండు చిన్న సొనాటాలు. గ్రీగ్ ‘లిరిక్ పీసెస్’ మొదటి పుస్తకంలో ఆరియెట్టా ఒక్క పుట. దెబుస్సీకి మంచి పెడల్ వున్న నిజమైన పియానో కావాలి, అది లేనివారు కొంతకాలం ఆగడం మేలు.

ఒక రచన మనకు తగినదా కాదా తెలుసుకోవడానికి మేము వాడే కొలత చెబుతాం. కొత్త పుస్తకం తెరిచి నిదానంగా, రెండు చేతులతో, మొదటి పుట వాయించండి. నాలుగైదు చోట్ల ఆగితే ఫరవాలేదు. ప్రతి బారులో ఆగితే మూసిపెట్టి ఏడాది తరువాత చూడండి. ఒక్కసారీ ఆగకపోతే అది కూడ మంచిదే, వారంలో నేర్చుకొని దాచుకోవలసిన రచన అది. మనవారు ఈ మూడవ రకాన్ని చులకనగా చూస్తారు. మా విద్యార్థులచేత ఏడాదికి కష్టమైనది ఒకటి, తగినవి మూడు నాలుగు, సులువైనవి పది పన్నెండు వాయింపిస్తున్నాం. నొటేషన్ చదివే వేగం పెరిగేది ఆ పది పన్నెండుతోనే. కష్టమైనదాన్ని కంఠస్థం చేసేస్తాం గనుక అక్కడ కన్నుకు పని వుండదు. నేర్చినవాటిని వారానికి రెండు చొప్పున తిప్పి తిప్పి వాయిస్తుండాలి, లేకపోతే మళ్ళీ పదిహేను రచనల లెక్క దగ్గరికే వస్తాం.

పుస్తకాలు ఖరీదంటారు. నిజమే. అయితే పాత మిషను బంగళాలలో, పాఠశాలల బీరువాలలో చెదలు తినకుండా మిగిలినవి ఇంకా వున్నాయి. అయ్యగారిని అడిగి తీయించండి. 2006 నుండి ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో బాఖ్, షూమన్, షోపాన్, స్కార్లాటి రచనలన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకే రచనకు పది ముద్రణలు కనబడతాయి. గుర్తులు తక్కువగా వున్నదాన్ని ఎన్నుకొని, అచ్చు వేయించి కుట్టించుకోండి. ఫోనులో చూసి వాయించవద్దు. పుట తిప్పుకునే చేయి లేదు, కళ్ళూ అలసిపోతాయి.

వెనుక బల్ల మీద మేము తెచ్చిన పుస్తకాలు వున్నాయి. సభ ముగిసిన తరువాత ఎవరైనా తెరిచి పియానో దగ్గర కూర్చుని మొదటి పుట వాయించి చూడవచ్చు. ఆగితే ఎవ్వరూ నవ్వరు. ఇప్పుడు మా విద్యార్థులు ఇద్దరు షూమన్ కోరేలును వాయిస్తారు. ముందు నాలుగవది చిన్నవాడు వాయిస్తాడు. అది ముగియగానే, చప్పట్లు కొట్టకుండా వుంటే, అక్క నలభైరెండవది మొదలుపెడుతుంది.