ఊరు పట్నమైతే ఆడవాళ్ళ పని ఏ లెక్కలోకి?

(గచ్చిబౌలిలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ చోటు ఒకప్పుడు పల్లెటూరు. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ అన్నీ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని ఊళ్ళే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. ఈ కథ మీకందరికీ తెలుసు. నేను మాట్లాడదలచుకున్నది జనాభా లెక్కల గురించి.

మునిసిపాలిటీ లేని ఊరిని కూడా జనాభా లెక్కల వాళ్ళు పట్టణంగా గుర్తిస్తారు. దానికి మూడు షరతులు. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసే మగవాళ్ళలో కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. గమనించండి, మగవాళ్ళలో! ఆడవాళ్ళు ఇంకా నాట్లు వేస్తున్నారా, కలుపు తీస్తున్నారా అని ఎవరూ చూడరు. మొగుడు పొలం వదిలి ఆటో నడిపితే ఊరు పట్నమైనట్టే!

పల్లెకూ పట్నానికీ హక్కులు ఒకటి కావు. 2013 ఆహార భద్రతా చట్టం దేశం మొత్తం మీద గ్రామాల్లో 75 శాతం మందికీ, పట్టణాల్లో 50 శాతం మందికీ మించకుండా రేషన్ బియ్యం ఇస్తుంది. ఆ సంఖ్య కట్టేది జనాభా లెక్కలతోనే.

ఇక పని సంగతి. పొలం పోతే నష్టపరిహారం పట్టా ఉన్నవాళ్ళకే. ఆ పొలంలో కూలి చేసిన ఆమెకు ఏ కాగితమూ లేదు. పొలం పోయాక అక్కడే లేచిన అపార్టుమెంట్లలో అంట్లు తోముతుంది. లెక్కల మనిషి వచ్చే వేళకు ఆమె పనిలో ఉంటుంది. గుమ్మంలో ఉన్న మగవాడు "మా ఆడది ఇంట్లోనే ఉంటది" అంటాడు. అంతే, ఇతర పనివాళ్ళలో ఉండాల్సిన మనిషి పనిచేయనివారి గడిలో పడుతుంది. నాలుగిళ్ళు తుడిచినా సరే!

ఈ ప్రశ్నలు మారవనుకోకండి. స్త్రీల పక్షాన ఒత్తిడి వచ్చాక 1991లో "పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసిన పని కూడా" అనే అర్థంలో మాటలు చేర్చారు. 2001 నుంచి ఇంటి వాడకానికే గేదెను సాకి పాలు తీసినా పని కిందే లెక్క. వంట, పిల్లల పెంపకం మాత్రం ఇప్పటికీ పని కాదు. అది మరో పోరాటం.

పాలమూరు నుంచి వచ్చి ఇక్కడి టవర్లు కట్టిన స్త్రీల సంగతి ఇంకా అన్యాయం. సొంతూళ్ళో ఇంటికి తాళం. ఇక్కడ రేకుల షెడ్డు. రెండుచోట్లా లెక్క తప్పే ప్రమాదముంది. మామూలుగా 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ. తల్లిని లెక్కించకపోతే ఆమె బిడ్డకు గుడ్డు ఎక్కడిది?

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా నిర్ణయమయ్యాయి. అందరి కులమూ రాస్తారు. అందరి కులాల లెక్కలు చివరిసారి వెలువడింది 1931లోనే. కాబట్టి దళిత, బహుజన స్త్రీల పని సరిగా రాయించడం ఈసారి మరీ ముఖ్యం. ముందుగా మన బస్తీల్లో ప్రతి ఆడమనిషికీ "ఏం పని చేస్తావు?" అన్న ప్రశ్నకు జవాబు తానే చెప్పుకోవడం అలవాటు చేయిద్దాం. ఇల్లంటూ లేనివాళ్ళను 2011లో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. ఈసారి ఆ రాత్రి ఎప్పుడో ముందే కనుక్కుని, సైట్ల దగ్గరికి ఎవరెవరు వెళ్ళాలో ఈరోజే పేర్లు రాసుకుందాం.