చేతిపని చేసేవాళ్ళ గోళ్ళకి జెల్ ఎందుకు నిలవదు? నేను చేసిన తప్పు, నేర్చుకున్న పద్ధతి

నేను కోదాడలో నెయిల్స్ చేస్తుంటానని పాతవాళ్ళకి తెలుసు. ఈ రోజు డిజైన్లు లేవు, కొత్త కలర్లు లేవు. ఈ రోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. దాని వల్లే జెల్ ఎలా నిలుస్తుందో నాకు సరిగ్గా అర్థమైంది.

మాఘమాసం పెళ్ళిళ్ళ టైమ్. ఒక అమ్మాయి వచ్చింది. మగ్గం వర్క్ చేస్తుంది, బ్లౌజుల మీద జర్దోసీ, పూసలు. అక్క పెళ్ళికని డబ్బులు దాచుకుని మరీ వచ్చింది. "అక్కా, పది రోజులన్నా ఉండాలి" అంది. నేనేమో మామూలు మానిక్యూర్ చేసినట్టే చేశాను. గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టాను, క్రీమ్ రాసి మసాజ్ చేశాను, తుడిచి, పైన మెరూన్ జెల్ వేశాను. చూడ్డానికి ఎంత బాగుందో!

ఐదో రోజుకే మూడు గోళ్ళకి అంచులు లేచాయి. మగ్గం పనిలో ఒక చెయ్యి గుడ్డ కింద దారం పట్టుకుని ఉంటుంది కదా. లేచిన అంచుకి దారం ప్రతిసారీ తగులుకుంటోంది. విసుగొచ్చి మొత్తం పీకేసింది. జెల్‌తో పాటు గోరు పై పొర కూడా వచ్చేసింది. నా దగ్గరికి వచ్చేసరికి గోళ్ళు కాగితంలా వంగుతున్నాయి, తెల్ల మచ్చలు. "దారం గట్టిగా పట్టుకుంటే మంట పుడుతుందక్కా" అంది. వాళ్ళకి బ్లౌజుకి ఇంత అని లెక్క. పని చేస్తేనే డబ్బు. పెళ్ళి సీజన్‌లో ఆ అమ్మాయికి రెండు వారాల సన్న పని పోయింది.

నిజం చెప్పాలంటే, ముందు నా మనసులో "నువ్వు పీకావు కాబట్టే" అనుకున్నాను. డబ్బులు తిరిగి ఇచ్చాను గానీ, తప్పు నాది అనుకోలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఆమె పీకకముందే అది లేచింది. అలా లేవడానికి కారణం నేనే.

ఎందుకో చెప్తాను. తడి గోడకి పెయింట్ వేస్తే ఏమవుతుంది? వేసిన రోజు బాగానే ఉంటుంది, నాలుగు రోజులకి పెచ్చులు లేస్తాయి. గోరు కూడా అంతే. గోరు నీళ్ళు పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడు కొంచెం ఉబ్బుతుంది, ఆరినప్పుడు మళ్ళీ ముడుచుకుంటుంది. పైన వేసిన జెల్ అలా సాగదు, ముడుచుకోదు. నానబెట్టిన గోరు మీద జెల్ వేస్తే, ఆరేకొద్దీ కింద గోరు కదులుతుంది, పైన జెల్ కదలదు. అతుకు అక్కడ వదులవుతుంది. దానికి తోడు మసాజ్ క్రీమ్ జిడ్డు. ఇంక నిలుస్తుందా?

ఇప్పుడు చేతిపని వాళ్ళ సంగతి చూడండి. హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, మిర్యాలగూడ మిల్లుల్లో పని చేసేవాళ్ళు, టైలర్లు, నాలాగా పార్లర్లో రోజంతా తలస్నానాలు చేయించేవాళ్ళు. రోజుకి ఇరవై ముప్పై సార్లు చేతులు తడుస్తాయి, ఆరతాయి. పైగా సబ్బు, డిటర్జెంట్. ఆఫీసులో కూర్చునే వాళ్ళకి రెండు మూడు వారాలు వచ్చే జెల్, వీళ్ళకి వారానికే లేస్తుంది.

సరే, ఏం చెయ్యాలి? ముందు పార్లర్లో చూసుకోవాల్సినవి. మీరు ఎక్కడ చేయించుకున్నా ఇవి అడగండి, మొహమాటపడొద్దు.

మొదటిది, నీళ్ళలో నానబెట్టకుండా పొడి మానిక్యూర్ చెయ్యమనండి. గోరు మొదట్లో, గోరుకి అంటుకుని కంటికి కనపడనంత సన్నని పొర ఉంటుంది. దాన్ని నెమ్మదిగా తీసెయ్యాలి. జెల్ ఆ పొర మీద పడితే, లేవడం అక్కడే మొదలవుతుంది. తర్వాత పై మెరుపు పోయేంత వరకే బఫర్ రుద్దాలి. ఎక్కువ రుద్దితే గట్టిగా పడుతుందనుకోవడం తప్పు, గోరే పల్చబడుతుంది. ఆ తర్వాత అసిటోన్‌తో గానీ ఆల్కహాల్‌తో గానీ తుడిచి, ఇంక వేలితో ముట్టుకోకూడదు.

రెండోది, పొరలు పల్చగా వెయ్యాలి. ఒక్కటే మందంగా వేస్తే ల్యాంప్ వెలుతురు అడుగు దాకా వెళ్ళదు. పైన గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. జెల్ ఏ కంపెనీదో దానికి తగ్గ ల్యాంప్, సీసా మీద రాసినంత టైమ్. బొటనవేళ్ళు మిగతా వేళ్ళతో కలిపి పెడితే పక్కకి వాలిపోతాయి, వెలుతురు సరిగ్గా పడదు. వాటిని విడిగా పెట్టాలి. ల్యాంప్‌లో పెట్టేముందు చేతి వెనక సన్‌స్క్రీన్ రాసుకోవచ్చు, గోళ్ళకి మాత్రం తగలనివ్వకండి. వేళ్ళ చివర్లు కత్తిరించిన గ్లౌజులు వేసుకున్నా సరే.

మూడోది, గోరు అంచు మూయాలి. అంటే బ్రష్‌ని గోరు చివర మందం మీద కూడా ఒకసారి లాగాలి, బేస్ కోట్‌కీ, కలర్‌కీ, టాప్ కోట్‌కీ. చేతిపని వాళ్ళకి దెబ్బ తగిలేది అక్కడే. నీళ్ళు లోపలికి దూరేదీ అక్కడే.

నాలుగోది, పొడుగు వద్దు. వేలి చివర దాకా, గుండ్రంగా. పొడుగు గోరు గడ్డపారలాంటిది, చివర చిన్నగా తగిలినా మొదట్లో లేపేస్తుంది.

ఇంక ఇంటి దగ్గర, పని దగ్గర. గిన్నెలు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. లోపల పల్చటి కాటన్‌వి, పైన రబ్బరువి. లేకపోతే లోపల చెమటకే నానిపోతాయి. గోరుతో డబ్బా మూత లేపడం, స్టిక్కర్ గీకడం మానెయ్యండి, చెంచా వాడండి. రాత్రి పడుకునేముందు గోరు చుట్టూ రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దుకోండి. గుర్తుంచుకోండి, నూనె జెల్ వేశాక మంచిది, వేసేముందు శత్రువు. పసుపు, కారంతో రోజంతా పనైతే లేత రంగులు వద్దు, పచ్చబడతాయి.

ఒక్క అంచు లేచినా దాన్ని అంటించకండి, పీకకండి. లేచిన సందులో తడి చేరితే కింద గోరు ఆకుపచ్చగా మారుతుంది. అది బ్యాక్టీరియా. దాని మీద కొత్త కలర్ వేసి దాచకూడదు, తీసేసి డాక్టర్‌కి చూపించాలి. తీయడానికి, పైన కొంచెం ఫైల్ చేసి, అసిటోన్‌లో ముంచిన దూది పెట్టి, ఫాయిల్ చుట్టి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. మెత్తబడ్డాకే నెట్టాలి. పొయ్యి దగ్గర మాత్రం చేయొద్దు, అసిటోన్ భగ్గుమంటుంది.

ఇప్పుడు నా బేరం పోయే మాట చెప్తాను. కొంతమంది చేతులకి జెల్ వేయించుకోకపోవడమే మంచిది. మొన్న ఒక స్టాఫ్ నర్స్ అక్క అడిగింది. పేషెంట్లని ముట్టుకునేవాళ్ళకి ఆర్టిఫిషియల్ గోళ్ళు వద్దని, సొంత గోరు చివర అర సెంటీమీటరు కంటే తక్కువే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. జెల్ పాలిష్ కూడా చాలా ఆసుపత్రుల్లో ఒప్పుకోరు. వంటపనిలో ఉన్నవాళ్ళకీ అంతే. పెచ్చు ఊడి సాంబారులో పడితే ఎవరిది తప్పు? ఆ అక్కకి కాళ్ళకి వేశాను. కాలి గోళ్ళు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి, ఇంకా ఎక్కువ రోజులు ఉంది. ఆమె హ్యాపీ, నేనూ హ్యాపీ.

ఇంకోటి, దురద. గోరు చుట్టూ ఎర్రబడడం, దురద, చర్మం పగలడం, కొందరికి కనురెప్పల మీద కూడా వస్తుంది. "మొదట్లో అలాగే ఉంటుంది" అనుకోకండి. పచ్చిగా మిగిలిన జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే మామూలుగా జీవితాంతం ఉంటుంది. పళ్ళకి వేసే ఫిల్లింగుల్లో కూడా ఇలాంటి పదార్థాలే ఉంటాయి, అందుకని పళ్ళ డాక్టర్‌కి కూడా ఆ మాట చెప్పాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని పేరు లేని కిట్ కొనేముందు సీసా మీద ఏముందో చదవండి. టీపీఓ అనే పదార్థం ఉన్న జెల్స్‌ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆపేసింది. అది లేనివి దొరుకుతున్నాయి, అవే తీసుకోండి.

మా అమ్మ నాట్లకి వెళ్ళేది. సాగర్ ఎడమ కాలువకి నీళ్ళొదిలాక రోజంతా బురదలోనే చేతులు. అయినా ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు గోళ్ళ మీద నెలల తరబడి ఉండేది. చిన్నప్పుడు అది మామూలే అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, గోరింటాకు రంగు గోరు లోపలికి దిగి దానితో కలిసిపోతుంది. లేవడానికి అక్కడ అంచే లేదు. గోరు పెరిగి, కత్తిరించుకుంటే తప్ప పోదు. జెల్ పైన అతుక్కునేది. ఎంత బాగా చేసినా అతుకే.

మగ్గం వర్క్ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాడైన గోరు మొత్తం పోయి కొత్తది రావడానికి ఆరు నెలలు పట్టింది. బతుకమ్మకి ముందు మళ్ళీ వచ్చింది. నేనైతే వస్తుందని అనుకోలేదు. ముందు సారీ చెప్పాను. అప్పుడెప్పుడో చెప్పాల్సింది. ఈసారి పొడి పద్ధతిలో, పొట్టిగా, అంచులు మూసి చేశాను. చేస్తుంటే తనే ఆపింది. "అక్కా, దారం పట్టే రెండు వేళ్ళకి వద్దు, వాటికి గోరింటాకు పెట్టుకుంటా" అంది.

ఎనిమిది వేళ్ళకి జెల్, రెండు వేళ్ళకి గోరింటాకు. పదహారు రోజులు ఒక్క అంచు కూడా లేవలేదు. తర్వాత నా దగ్గరికే వచ్చి తీయించుకుంది, పీకలేదు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా కలర్ తర్వాత చూపిస్తాను. ముందు అడిగేది ఒక్కటే: "మీరు ఏ పని చేస్తారు? ఏ వేళ్ళతో చేస్తారు?" మీరు వెళ్ళే పార్లర్లో అడగకపోతే, మీరే చెప్పండి.