చదువు దారి మారితే

కోరుకొండ నుంచి రాజమహేంద్రవరం కాలేజీలకు బస్సెక్కే పిల్లల్లో, తీసుకున్న గ్రూపు తమకు సరిపడదని రెండో ఏడాదికే తెలుసుకున్నవాళ్లు ఉంటారు. అయినా మారరు, కట్టిన ఫీజు, గడిచిన ఏడాది అడ్డొస్తాయి. దారి మారితే ఆ ఏడాది వృథా అన్న లెక్కే తప్పని నా అభిప్రాయం. 1895లో భీమవరంలో పుట్టి, కొంతకాలం రాజమహేంద్రవరంలోనే చదివిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లాక హార్వర్డులో జీవరసాయనశాస్త్రం వైపు మళ్లారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. 1930లో పీహెచ్‌డీ అందుకున్నారు. ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి వాటి మీద పరిశోధనలను నడిపించారు. రోగాన్ని ఎరిగిన రసాయనవేత్త కావడమే ఆయన బలం. వైద్యం చదివిన ఏళ్లు ఎక్కడికీ పోలేదు.

అంతటి మేధావితో మాకు పోలికా అంటారు. హార్వర్డులో ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ చదివారన్నది అలా ఉంచుదాం. అసలు చిక్కు డబ్బే. సగంలో మానేస్తే అప్పు మిగులుతుంది, డిగ్రీ మిగలదు. పైగా ఒక పేపరు తప్పినంత మాత్రాన ఆ సబ్జెక్టు మనది కాదనుకోవడం తొందరపాటు. అందుకే చాలామందికి డిగ్రీ పూర్తిచేసి మళ్లడమే చవక. కనీస మార్కులుంటే ఏ డిగ్రీవాళ్లయినా లాసెట్ రాసి మూడేళ్ల న్యాయవిద్యలో, ఐసెట్ రాసి ఎంబీఏలో చేరవచ్చు.