అడగందే రానివి
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ వివరంగా చెప్పారు. అవి మన సమస్యలు. వాటి కోసం మనం అడుగుతూనే ఉండాలి. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మనకు వచ్చే సర్వీసు పింఛను కాక, మన వీధిలో, మన ఊరిలో నిరుపేద వృద్ధులకు వచ్చే సామాజిక పింఛను గురించి, దానితోబాటు వారికి రావలసిన ఇతర సదుపాయాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఇది మనకెందుకు అని కొందరికి తోచవచ్చు. రెండు కారణాలు మనవి చేస్తాను. మొదటిది, వాళ్ళు మనకు పరాయివాళ్ళు కారు. మన ఆఫీసుల్లోనే ఎన్.ఎం.ఆర్. కింద ఏళ్ళ తరబడి పనిచేసి, రెగ్యులర్ కాకుండానే వయసు మళ్ళి ఇంటికి వెళ్ళినవారున్నారు. మన బంధువుల్లోనే ఆధారం లేని అక్కలు, పిన్నమ్మలు ఉన్నారు. రెండవది, ముప్పయ్యేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనకు ఒక విద్య అబ్బింది. ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్ళాలో, రసీదు ఎందుకు అడిగి తీసుకోవాలో మనకు తెలుసు. ఆ విద్య లేకనే చాలామంది పేదలు తమకు రావలసింది పోగొట్టుకుంటున్నారు.

ముందుగా ఆ పింఛను సంగతి. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, నిరుద్యోగంలో ప్రభుత్వం తన శక్తి మేరకు పౌరుణ్ణి ఆదుకోవాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతోంది. దాని ననుసరించి 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అప్పుడు 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు కేంద్రం ఇచ్చిన వాటా నెలకు రూ.75. తరువాత అది రూ.200 అయింది. 2011లో అర్హత వయసును 60 ఏళ్ళకు తగ్గించి, 80 ఏళ్ళు దాటినవారికి రూ.500 చేశారు. మిగతా మొత్తాన్ని రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కలుపుతున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను రూ.4,000గా పంపిణీ అవుతోంది. తెలంగాణలో 2014లో రూ.1,000తో ఆసరా పింఛను మొదలై, 2019లో రూ.2,016 అయింది.

ఈ పింఛను అందుకునేవారిలో చాలామంది, ప్రభుత్వం ఇచ్చేది ఇంతే, ఇక ఏమీ లేదు అనుకుంటారు. లేదా ఉన్నవన్నీ వాటంతటవే వస్తాయనుకుంటారు. రెండూ సరి కావు. రావలసినవి ఇంకా ఉన్నాయి. కాని అవి ఒక్కచోట లేవు. బియ్యం పౌరసరఫరాల శాఖది, ఆపరేషన్ ఆరోగ్యశాఖది, చేతికర్ర కేంద్ర సాంఘిక న్యాయ శాఖది, బీమా బ్యాంకుది. దేని కాగితం దానిదే. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఇక్కడ ఎవరిని అడగాలో కూడా తెలిసి ఉండాలి.

మా వీధిలో ఆకుకూరలు అమ్మే పెద్దావిడ ఒకరున్నారు. భర్త లేడు, పిల్లలు లేరు. పింఛను వస్తోంది. రేషను కార్డులో ఆమె ఒక్క పేరే ఉంది కనుక నెలకు 5 కిలోల బియ్యం ఇస్తున్నారు. అది నెలలో సగానికి కూడా చాలదు. మిగతా బియ్యం పింఛను డబ్బుతో కొనుక్కుంటోంది. "అంత్యోదయ కార్డుకు దరఖాస్తు పెడదామమ్మా" అంటే ఆవిడ అన్న మాట మీరు వినాలి. "వద్దు బాబూ, ఎక్కువ అడిగితే ఉన్న పింఛను కూడా తీసేస్తారేమో!" అంది. అసలు అడ్డంకి ఈ భయమే. పోగొట్టుకుంటే తట్టుకోలేనివాళ్ళకే ఈ భయం ఎక్కువ. బియ్యం కార్డు మార్చమని అడిగినంత మాత్రాన పింఛను పోదని, రెండూ వేర్వేరు పద్దులని నమ్మకం కలిగించడానికి నాకు రెండు వారాలు పట్టింది. దరఖాస్తు రాయడానికి పది నిమిషాలు పట్టింది.

అంత్యోదయ అన్న యోజన 2000 డిసెంబరు 25న ప్రారంభమైంది. మొదట కుటుంబానికి నెలకు 25 కిలోలు ఇచ్చేవారు. 2002 ఏప్రిల్ నుంచి 35 కిలోలు చేశారు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కూడా దీనిని అలాగే నిలబెట్టింది. ఆ చట్టం కింద సాధారణ కార్డుకు మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. కుటుంబంలో ఒక్కరే ఉన్నా 35 కిలోలే. అంటే ఒంటరి వృద్ధురాలికి ఈ కార్డుకూ ఆ కార్డుకూ తేడా నెలకు 30 కిలోలు. ఏ ఆధారమూ లేని 60 ఏళ్ళు దాటినవారు, వితంతువులు, వికలాంగులు ఈ పథకంలో చేర్చదగినవారని కేంద్రం మార్గదర్శకాలలోనే ఉంది. అయితే ఒక్కో రాష్ట్రానికి ఇన్ని కార్డులని పరిమితి ఉన్నది. కనుక ఖాళీ ఏర్పడినప్పుడే కొత్తవారికి వస్తుంది. దరఖాస్తు వరుసలో లేనివారికి ఖాళీ వచ్చినా ప్రయోజనం లేదు. మా పెద్దావిడకు పదకొండు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కాగితం కనబడలేదన్నారు. రసీదు ఉంది కనుక కనబడింది.

ఇక వైద్యం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ మీకందరికీ విదితమే. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతోను, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతోను నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. ఇక్కడ తెలియవలసినది ఒకటే. పథకంలో చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒక ఉద్యోగి కూర్చుంటారు. రోగిని తీసుకువెళ్ళినవారు కంగారులో క్యాష్ కౌంటరు దగ్గరకు వెళ్ళి అప్పు తెచ్చిన డబ్బు అడ్వాన్సుగా కడతారు. ముందుగా వెళ్ళవలసింది ఆరోగ్యమిత్ర దగ్గరకు. కార్డు చూపించి, ఈ చికిత్స జాబితాలో ఉందా అని అడిగిన తరువాతే డబ్బు సంగతి.

దీనికి తోడు 2024 అక్టోబరు 29న 70 ఏళ్ళు దాటినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి సంవత్సరానికి రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం ప్రకటించారు. ఆధారు కార్డులో వయసు 70 దాటి ఉంటే చాలు. దీనికి విడిగా వయ వందన కార్డు తీసుకోవాలి. కేంద్ర సర్వీసులో పనిచేసి సి.జి.హెచ్.ఎస్.లో ఉన్న మన సభ్యులు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

వినికిడి యంత్రం, చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని చెవి వినబడని వృద్ధుడు ఇంట్లో ఉంటూనే ఒంటరివాడవుతాడు. పళ్ళు లేనివారికి 35 కిలోల బియ్యం ఉన్నా తిండి తిండి కాదు. ఈ పరికరాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. 60 ఏళ్ళు దాటి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు, లేదా నెలకు రూ.15,000 మించి ఆదాయం లేనివారు అర్హులు. శిబిరంలో ముందు పరీక్ష చేసి, మరొక రోజున పరికరాలు ఇస్తారు. మొదటి రోజున పేరు రాయించుకోనివారికి రెండవ రోజున ఏమీ ఉండదు. కనుక శిబిరం ఎప్పుడో ముందుగా తెలుసుకుని చెప్పడమే మనం చేయగల సాయం.

బ్యాంకు విషయం ఒకటి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి రూ.20 ప్రీమియం. 18 నుంచి 70 ఏళ్ళవారు చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. ఒకసారి సంతకం చేస్తే ఖాతా నుంచి ఏటా ఆ రూ.20 దానంతటదే తీసుకుంటారు. అందుచేత చాలా ఇళ్ళలో అలాంటి బీమా ఉన్నట్లే తెలియదు. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక కావాలి. పాముకాటు, చెట్టు మీద నుంచి పడటం వంటివాటికి ఆసుపత్రి రికార్డు చాలు. మీకు తెలిసిన పేద కుటుంబంలో ఎవరైనా ప్రమాదంలో పోతే ముందు పాస్‌బుక్కు తెప్పించి, ఆ రూ.20 పద్దు ఉన్నదేమో చూడండి.

మరణం మాట వచ్చింది కనుక ఇంకో రెండు చెబుతాను. కుటుంబాన్ని పోషించే వ్యక్తి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య మరణిస్తే, ఆ కుటుంబం దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్లయితే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి రూ.20,000 ఇవ్వాలని ఉంది. కొడుకు పోయిన ముసలి తల్లిదండ్రుల ఇంట్లో ఈ మాట చెప్పేవారుండరు. అలాగే పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు పింఛను మార్చే పద్ధతిని 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో అమలులోకి తెచ్చారు. దీనికి మరణ ధ్రువపత్రం కావాలి. కర్మకాండలైన తరువాత చూద్దామని ఊరుకోకుండా, సచివాలయంలో వెంటనే నమోదు చేయించాలి.

ఇక గ్యాసు, కరెంటు, బస్సు. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం. హైదరాబాదులో పిల్లల వద్ద ఉంటున్న సభ్యుల కోసం చెబుతున్నాను. తెలంగాణలో రేషను కార్డున్నవారికి 2024లో రూ.500 సిలిండరు, 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు మొదలయ్యాయి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి అద్దె ఇంట్లో ఉంటోందని ఆ కరెంటు సదుపాయం అడగలేదేమో, ఒకసారి కనుక్కోండి. అద్దెకున్నవారు కూడా అడగవచ్చు.

పిల్లలు చూడనివారి మాట కూడా చెప్పాలి. అమ్మకు పింఛను వస్తోంది గదా, మేమెందుకు పెట్టాలి అనే కొడుకులను మీరూ చూసే ఉంటారు. ప్రభుత్వం ఇచ్చేది కొడుకు బాధ్యతకు బదులు కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్.డి.ఓ. స్థాయి ట్రిబ్యునలుకు తెల్ల కాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు రూ.10,000 వరకు భరణం ఇప్పించే అధికారం దానికి ఉంది. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది. ఏ దిక్కూ తోచనప్పుడు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. ఇవన్నీ మనకు కావు. ఇంట్లో ప్రభుత్వ పింఛనుదారు ఉంటే ఆ కుటుంబానికి బియ్యం కార్డు రాదు. ఆధారం లేని పిన్నమ్మగారు నిజంగా వేరే ఇంట్లో, వేరే పొయ్యి పెట్టుకుని ఉంటే ఆమె పేరు మన కుటుంబంలో ఉండిపోవడం ఆమెకు నష్టం. దానిని సరిచేయించాలి. మనతోనే ఉంటూ కాగితం మీద మాత్రం వేరుగా చూపించడం తప్పు. అంత్యోదయ కార్డులు లెక్కపెట్టి ఇచ్చేవి. మనవాళ్ళు అన్యాయంగా ఒకటి తీసుకుంటే, ఎక్కడో ఒక నిజమైన ఒంటరి మనిషి కంచం ఖాళీ అవుతుంది.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. ప్రతి నెలా రెండవ శనివారం ఉదయం మన భవనం వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. వంతులవారీగా ఇద్దరేసి సభ్యులు కూర్చుందాం. వచ్చిన ప్రతివారిని ఆరు ప్రశ్నలు అడుగుదాం: పింఛను వస్తోందా, ఏ కార్డు ఉంది, ఇంట్లో ఎంతమంది, వయసెంత, చూపూ వినికిడీ ఎలా ఉన్నాయి, ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా. జవాబులు వినగానే వారికి ఏది రావాలో మనకు తెలిసిపోతుంది. దరఖాస్తు రాసి, నకలు ఉంచుకుని, రసీదు నంబరు రిజిస్టరులో ఎక్కిద్దాం. నెల తరువాత ఏమైందో వాకబు చేద్దాం. ఇన్‌వర్డు, అవుట్‌వర్డు, రిమైండరు, ఈ మూడూ మనకు కొత్తవి కావు. సిఫారసులు వద్దు, పైరవీలు వద్దు. సభ్యులు దీనిని ఆమోదిస్తే మొదటి రెండు నెలలు కూర్చోవడానికి నేను సిద్ధం.

పదవీ విరమణ నాడు మనకు శాలువాలు కప్పారు, దండలు వేశారు. చేసిన పని మాత్రం చేతివేళ్ళలో ఇంకా ఉంది. దానిని ఇంకొన్నాళ్ళు వాడుకుందాం.