లాల్‌బాగ్ తోటయు, మన పిల్లల చేతులును
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన బెంగుళూరు లాల్‌బాగ్‌లో ఏటేట జనవరియందు గణతంత్ర దినోత్సవమునకును, ఆగస్టునందు స్వాతంత్ర్య దినోత్సవమునకును పుష్పప్రదర్శనము జరుగుట మీరెరుగుదురు. మీరు పిల్లలను తోడ్కొని పోయి, గాజుమేడలోని పూల అలంకారములు చూపి, ఒక కుండీ కొని తెచ్చుచున్నారు. మేమును అట్లే చేసితిమి. ఒక సంవత్సరము పాఠశాలకై ఇరువది కుండీలు తెచ్చి వరండాలో వరుసగా నుంచితిమి. ఉగాదినాటికి మూడే మిగిలినవి. ఎండవలన గాదు, దినమునకు రెండుమారులు మేము పోయించిన నీటివలన. కుండీల అడుగు రంధ్రములు మూసికొనిపోయిన సంగతి మేమెవ్వరమును చూడలేదు. వేళ్లు కుళ్లినవి. చూచుట వేరు, పెంచుట వేరు అని అప్పుడు తెలిసికొంటిమి.

లాల్‌బాగ్ విహారస్థలము మాత్రమే కాదు. 1760లో హైదరలీ ఆరంభించిన ఆ తోట, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానమైనది. నేడు దాని విస్తీర్ణము 240 ఎకరములు. దేశాంతరముల మొక్కలను తెచ్చి, ఈ నేలలో పెంచి చూచి, జనులకు పంచిపెట్టుట దాని పని. ఆ తోటను చిరకాలము పాలించిన జాన్ కామెరాన్ దొరగారి కాలమున వచ్చినదే చౌచౌ కాయ. తెలుగువారు దానిని 'బెంగుళూరు వంకాయ' యనిరి. అది వంకాయ జాతి కాదు, గుమ్మడి, సొరల చుట్టము. అయినను మన యూరి పేరు ఆ కాయతోపాటు తెలుగునాటి సంతలన్నిటికిని పోయినది.

ఆ కాయను తరగతిలో చూపి పేరడిగితిమి. పెక్కురు 'సీమె బదనె' యనిరి. సంతోషమే, అది మనలను పోషించుచున్న నేల భాష. కాని తెలుగు పేరు చెప్పినవారు కొలదిమంది. పాదు, నారు, అంటు, పందిరి, కలుపు అను మాటలకు మన పిల్లలు పుస్తకములో అర్థములు వ్రాసికొనుచున్నారు. వారి తాతలకు ఆ మాటలు చేతిపనిలో నుండెడివి. చేతితో నేర్చిన మాట మరపునకు రాదు.

కావున మీకొక మనవి. వానలు మొదలు కాగానే మొలక వచ్చిన ముదురు బెంగుళూరు వంకాయనొకటి తెండు. దానిలో విత్తనమొక్కటే యుండును. దానిని వేరు చేయక, కాయనే వాలుగా, మొలక పైకి కనబడునట్లు నాటవలెను. పెద్ద తొట్టి చాలును. అడుగు రంధ్రముపై పెంకుముక్క నుంచి, మంటిలో చివికిన పేడయెరువు కలుపుడు. వ్రేలు గుచ్చి చూచి, మన్ను ఆరినప్పుడే నీరు పోయుడు. తీగకు పందిరి వేయుడు. నాలుగైదు నెలలకు కాయలు కాయును. నీరు పోయు పని మాత్రము బిడ్డదే కావలెను.

ప్రదర్శనము లేని దినములలోను ఒకమారు లాల్‌బాగ్ పొండు. చెట్ల పేరుపలకలు చదివింపుడు. తోటమాలిని కన్నడములో అడుగనిండు. ఇంటికి వచ్చి తెలుగు పేరు మీరు చెప్పుడు. మీకును తెలియనిచో ఇంటి పెద్దలనడుగుడు. ఉద్యానశాఖవారు తోటపని తరగతులు నడిపినప్పుడు బిడ్డతోకూడ మీరును పొండు.

వచ్చు వార్షికోత్సవమునకు పూలదండలు వలదు. మీ పందిరి తొలికాయను మీ బిడ్డ చేతికిచ్చి పంపుడు. అది యెట్లు కాచినదో ఆ బిడ్డ ఈ వేదికపై తెలుగులో చెప్పగా వినవలెనని మా కోరిక.