రాతిలో చెక్కిన వాసాలు



ఈ రోజు పట్టాలు పుచ్చుకుంటున్న కొత్త ఆర్కిటెక్టులారా, ఈ అయిదేళ్లలో మీరు శైలుల చరిత్రను చాలాసార్లు పరీక్షల్లో రాసి ఉంటారు. గోతిక్ శైలి లక్షణాలు రాయమంటే కోసుతేలిన కమాను, గోడకు బయటి నుంచి దన్నుగా నిలిచే బట్రెస్, రంగుటద్దాల కిటికీ అని మూడు ముక్కలు రాసి, పక్కన బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు. నేనూ అలాగే గట్టెక్కాను. అయితే అలా చదివితే శైలి అంటే ఆకారాల జాబితా అనే అభిప్రాయం మనసులో పాతుకుపోతుంది. కట్టినవాళ్ల ముందు ఏ జాబితా లేదు. నెత్తిన కప్పు నిలవాలి, దాని బరువు నేలకు దిగాలి, మధ్యలో మనుషులు మసలాలి. ఈ చిక్కును ఏ రాయితో, ఏ కర్రతో, ఏ ఎండలో విప్పుకున్నారన్నదే నా లెక్కలో శైలుల చరిత్ర. దాంట్లో ఒక మెలిక కూడా ఉంది. ఇవాళ ఎక్కువసేపు మాట్లాడదలచింది ఆ మెలిక గురించే.

ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి ఉంది. అక్కడి కొండల్లో క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు గుహలు తొలిపించుకున్నారు. వాటిలో గుండ్రటి చైత్యం ఒకటి ఉంది. లోపల నడుమ స్తూపం, దాని చుట్టూ తిరగడానికి సన్నటి దారి. తలెత్తి చూడండి. కప్పంతా వాసాలే. నడినెత్తి నుంచి చుట్టూరా కిందికి దిగే వాసాలు, వాటికి అడ్డంగా బద్దలు. అచ్చం తాటాకు గుడిసె లోపల నిలబడి చూసినట్టే ఉంటుంది. కాకపోతే అక్కడ కర్ర లేదు, కట్టు లేదు. కొండను లోపలికి తొలిచి, కప్పు అవసరమే లేని చోట శిల్పి కూర్చుని వాసాలను రాతిలో చెక్కాడు. ఆ వాసాలు దేన్నీ మోయవు. పైనున్న కొండ తనను తాను మోసుకుంటోంది.

మరి ఎందుకు చెక్కినట్టు? ఆ శిల్పికి పవిత్రమైన చోటు అంటే గుడిసె. వాళ్ల గురువులు, గురువుల గురువులు కూర్చున్నది కర్రా ఆకూ కప్పిన పాకల్లో. రాయి శాశ్వతంగా నిలుస్తుందని తెలిసినా, ఆ పాక రూపం లేకపోతే అది చైత్యంగా కనిపించదు. పదార్థం మారింది, చెయ్యి మాత్రం పాత పనిని మరిచిపోలేదు. నేను చెప్పిన మెలిక ఇదే.

ఇది మన దగ్గర మాత్రమే జరగలేదు. ఏథెన్స్‌లో క్రీ.పూ. 447లో మొదలుపెట్టిన పార్థెనాన్‌ను చూడండి. ఇక్టినోస్, కల్లిక్రటీస్ కట్టిన ఆ పాలరాతి గుడిలో స్తంభాల పైన వరుసగా మూడు నిలువు గీతల పలకలు ఉంటాయి. వాటి కింద చిన్న చిన్న రాతి బొడిపెలు. ఆ పలకలు పాత కర్ర గుళ్లలో దూలాల కొసలను మూసిన చెక్కల గుర్తు అని రోమన్ ఆర్కిటెక్టు విట్రువియస్ రాశాడు. బొడిపెలు చెక్క మేకులని చెప్పేవాళ్లూ ఉన్నారు. దీన్ని అందరు పండితులూ ఒప్పుకోరు గానీ, నాకు ఆ మాటే నమ్మదగినదిగా కనిపిస్తుంది. గుంటుపల్లి శిల్పి బాహాటంగా ఒప్పుకున్న పనినే గ్రీకులు కాస్త మర్యాదగా దాచుకున్నారు, అంతే.

ఇక రాయితో ఉన్న అసలు ఇబ్బంది. రాయిని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, వంచితే విరుగుతుంది. దూలంగా వేసిన రాయి కింది అంచు సాగుతుంది, అక్కడే పగులు పుడుతుంది. అందుకే రాతి దూలం పొడుగు వెయ్యలేం. ఈజిప్టులో కర్ణాక్ గుడి హాలులో 134 స్తంభాలు నిలబెట్టింది గొప్పలకు మాత్రమే కాదు, దూలాలు అందక. 1163లో హనుమకొండలో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిదీ అదే ఇబ్బంది. స్తంభాల అడవి అంటూ కవులు మురిసిపోతారు. ఇంజనీరు కంటికి అది రాయి పెట్టిన షరతు.

కమాను ఆ షరతును తప్పించుకుంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఏదీ వంగదు. దానికి మరో పీడ ఉంది. గోడకు ఆనించిన నిచ్చెన కాళ్లు జారినట్టు, కమాను కాళ్లు ఎప్పుడూ బయటికి జారాలని చూస్తాయి. గుమ్మటానికైతే అన్ని వైపులకూ అదే తోపు. గుమ్మటాల చరిత్ర అంతా ఈ తోపును ఎవరు ఎలా కట్టేశారన్న చరిత్రే.

రోములో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన పాంథియన్ గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది. కింది గోడ మందం దాదాపు 6 మీటర్లు. పైకి పోయే కొద్దీ వాళ్లు కాంక్రీటులో కలిపే రాయిని మార్చుకుంటూ పోయారు. కింద బరువైన రాయి, మధ్యలో తేలికది, నడినెత్తి దగ్గర నీళ్లలో తేలే అగ్నిపర్వతపు నురగరాయి. ఆపైన ఏమీ లేదు, ఆకాశం కనిపించే కంత. అంతకన్నా తేలికైనది ఇంకేముంది!

ఇప్పుడు ములుగు జిల్లా పాలంపేటకు రండి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. అడుగున ఇసుక నింపిన పునాది, నడుమ రాతి స్తంభాలు, నెత్తిన తేలే ఇటుక. పాంథియన్‌కూ దీనికీ మధ్య వెయ్యేళ్లు దాటిన దూరం. రోము సంగతి పాలంపేట మేస్త్రీలు విని ఉండరు, వినాల్సిన అవసరం కూడా లేదు. పైన బరువు తగ్గించాలనే బుద్ధి బరువుతో కుస్తీ పట్టిన ప్రతివాడికీ పుడుతుంది. చూడ్డానికి ఈ రెండు కట్టడాల శైలులకు పోలికే లేదు. లోపలి ఆలోచన మాత్రం ఒక్కటే. 2021లో యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనవాళ్లంతా అక్కడి మదనికల శిల్పాల ఫొటోలు పంచుకున్నారు. ఇటుక ఫొటో ఎవరూ పంచుకోలేదు.

అందరూ మొదటిసారే నెగ్గలేదు. కాన్‌స్టాంటినోపుల్‌లో హేగియా సోఫియా చర్చిని గణితం తెలిసిన ఇద్దరు, ఆంథీమియస్, ఇసిడోర్, ఆరేళ్లు నిండకుండానే 537లో ముగించారు. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటాన్ని అంత పెద్ద ఎత్తున నిలబెట్టినవాళ్లు అంతకుముందు లేరు. 558లో ఆ గుమ్మటం కూలింది. మొదటి గుమ్మటం మరీ పళ్లెంలా పరుచుకుని ఉండేది, అందుకే బయటి తోపు ఎక్కువ. ఇసిడోర్ బంధువైన చిన్న ఇసిడోర్ దాన్ని సుమారు 6 మీటర్లు ఎత్తు పెంచి 562కల్లా తిరిగి కట్టాడు. తర్వాత కొంత కొంత పడి మళ్లీ కట్టినా, ఇవాళ ఇస్తాంబుల్‌లో కనిపించే రూపం ఆ దిద్దుబాటుదే. ఫ్రాన్సులో బోవే చర్చి వాళ్లయితే కప్పును 48 మీటర్లు లేపారు, 1284లో కొంత కూలింది. బాగు చేసుకున్నారు. తర్వాత ఆకాశమంత టవరు లేపారు, 1573లో అదీ పడింది. ఆ చర్చి ముందు భాగం ఇప్పటికీ కట్టలేదు.

మెలిక దగ్గరికి మళ్లీ వస్తాను. ఢిల్లీ కుతుబ్ మినార్ పక్కన మసీదు ముందు ఎత్తైన రాతి తెర ఉంది. 1199 ప్రాంతపు పని. దూరం నుంచి చూస్తే అన్నీ కోసుతేలిన కమానులే. దగ్గరికెళ్లి రాళ్ల అతుకులు చూడండి. కమానులో అతుకులు చక్రం ఆకుల్లా ఏటవాలుగా పరుచుకోవాలి. ఇక్కడ అన్నీ అడ్డంగా, మట్టసంగా ఉన్నాయి. అంటే వరుస మీద వరుస కాస్త కాస్త ముందుకు జరుపుతూ పేర్చుకొచ్చి, చివర రెండు వైపులూ కలిపి, అంచును కమాను ఆకారంలో చెక్కారు. కట్టించిన తురుష్క పాలకులకు కమాను కావాలి. కట్టిన స్థానిక శిల్పులకు గుడి కట్టడం వచ్చు. ఇద్దరి మధ్యా ఒప్పందం ఆ అతుకుల్లో కనిపిస్తుంది.

కమాను అంటే ఈ దేశంలో అసలు తెలియదని చెప్పడం కూడా పొరపాటే. గుప్తుల కాలపు భీతర్‌గావ్ ఇటుక గుడిలో కమాను ఉంది. తెలిసినా, రాతి పనిలో మనవాళ్లు దాన్ని నమ్మలేదు. ఎప్పుడూ తోసుకుంటూ ఉండే కప్పు కన్నా కదలకుండా కూర్చునే కప్పు మీదే వాళ్లకు గురి. తర్వాత రెండు తరాలు దాటాయి. 1287లో చనిపోయిన ఢిల్లీ సుల్తాను బల్బన్ సమాధిలో అసలైన కమాను కనిపిస్తుంది. 1311లో ఢిల్లీలోనే కట్టిన అలాయీ దర్వాజా నాటికి చెయ్యి తిరిగింది. అక్కడి నుంచి 1591 చార్మినార్ దాకా, 17వ శతాబ్దం నడుమ 38 మీటర్ల గుమ్మటం కప్పిన బీజాపూర్ గోల్ గుంబజ్ దాకా దక్కనులో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాకైతే ఆ నిఖార్సయిన గోల్ గుంబజ్ కన్నా కుతుబ్ తెరలోని దొంగ కమానే ఇష్టం. పని చేసినవాడి బుర్ర, భయం, వినయం మూడూ అందులో కనిపిస్తాయి.

ఆధునికులు ఈ మెలికను దాటేశామని అనుకున్నారు. 1871 అగ్నిప్రమాదం తర్వాత షికాగో మళ్లీ లేస్తున్నప్పుడు, 1885లో అక్కడ పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. అక్కడి నుంచి క్రమంగా బరువు మోయడం లోహపు చట్రం పని అయింది. గోడకు ఇక మోసే పని లేదు. తెరలా వేలాడదీయొచ్చు, అద్దం కూడా పెట్టొచ్చు. నిర్మాణంలో అబద్ధం ఉండకూడదన్న బడికి పెద్ద గురువు మీస్ వాన్ డెర్ రోహె. 1958లో న్యూయార్క్‌లో ఆయన సీగ్రామ్ టవర్ పూర్తయింది. అగ్నిమాపక నిబంధనల వల్ల ఉక్కు స్తంభాలను కాంక్రీటులో పూడ్చాలి, అంటే బయటికి కనిపించవు. ఆయనేం చేశాడు? గోడ మీద పై నుంచి కింది దాకా కంచు ఐ-బీమ్‌లు అతికించాడు. అవి భవనం బరువేమీ మోయవు. గుంటుపల్లి శిల్పి చెక్కిన వాసాలే అవి, రెండు వేల ఏళ్ల తర్వాత, కంచులో.

కాబట్టి పాత రూపాన్ని మోసుకురావడమే నేరమంటే ఎవరూ తప్పించుకోలేరు. ఏం గుర్తుంచుకుని మోసుకొచ్చారన్నదే చూడాల్సింది. గుంటుపల్లిలో గురువుల పాక గుర్తుంది. సీగ్రామ్‌లో లోపల దాగిన చట్రం గుర్తుంది. మన హైదరాబాద్ పడమటి దిక్కున లేచిన అద్దాల మేడల్లో గుర్తున్నదేమిటి? వేరే ఊరి ఫొటో. ఏడాదిలో నాలుగు నెలలు నిప్పులు కురిసే చోట పడమటి ఎండకు ఎదురుగా అద్దం పరిచి, ఆ వేడిని తోలడానికి రాత్రింబవళ్లు ఏసీ నడపడం శైలి కాదు, కరెంటు బిల్లు. క్లయింటు అడిగాడు కాబట్టి గీశానని రేపు మీరంటారు. కుతుబ్ శిల్పులను కూడా క్లయింటే అడిగాడు. వాళ్లు అడిగిన రూపమూ ఇచ్చారు, తమకు తెలిసిన పద్ధతినీ వదలలేదు. ఆ తెర ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది.

చివరిగా ఒక కోరిక. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిళ్లు, తెలంగాణలో భవంతి ఇళ్లు ఒకటొకటిగా కూలుతున్నాయి. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, వాన నీరు నడిమండువాలో పడి, వెలుతురూ గాలీ అటు నుంచే వచ్చే ఇల్లు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయిన పాంపే ఇళ్లలోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంది. కప్పు లోపలికి వాలుతుంది, నడుమ తొట్టిలో వాన నీరు పడుతుంది. పాంపేలో తవ్వినంత మేర ఇళ్లను కొలిచి, ప్లాన్లు గీసి పెట్టుకున్నారు. మన మండువాలకు అలాంటి ప్లాన్లు ఉన్నవి చాలా తక్కువ. వారసులు అమెరికాలో ఉంటారు, పెంకు నేయించే మనిషి దొరకడు, స్థలానికి ధర పలుకుతుంది, ఒక రోజు జేసీబీ వస్తుంది. వాళ్లను తప్పుపట్టను. ఇల్లు నిలబెట్టడం ఖర్చుతో కూడిన పని.

కొలతలు తీయడానికి మాత్రం ఖర్చు లేదు. ఉద్యోగంలో చేరేలోపు మీ అమ్మమ్మ గారి ఊరికో, తాతగారి ఊరికో వెళ్లండి. మిగిలున్న ఒక్క పాత ఇంటిని ఎంచుకుని టేపుతో కొలవండి. ప్లాన్, సెక్షన్ గీయండి. దూలం మీద వాసం ఎలా కూర్చుందో, చూరు ఎంత బయటికి వచ్చిందో, మండువా నీళ్లు ఎటు పోతాయో విడిగా గీయండి. పెంకు నేసిన మేస్త్రీ బతికి ఉంటే ఆయన్నే అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి. ఒక కాపీ ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి, ఇంకొకటి మీ కాలేజీ లైబ్రరీకి పంపండి. ఈ వేసవిలోనే చెయ్యండి, వానలకు ఎన్ని నిలుస్తాయో చెప్పలేం.